పెన్‌డ్రైవ్‌లో రాసుకున్న నాలుగు మాటలు

ఇవన్నీ ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై ఐదేళ్ళు దాటాయి. చిన్నప్పటి నుంచి గోదావరి జిల్లాలో ఒక రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని చేశాను. రోజంతా ఐసులో నాని నా వేళ్ళు బిగుసుకుపోయాయి. పెళ్ళయ్యాక మా ఆయన పలక కొనిచ్చారు గానీ, బలపం ఆ వేళ్ళలో నిలవలేదు.

ఖతార్ వచ్చాక ఆయనే ఇంకో దారి వెతికారు. ఒక కంపెనీ ఆఫీసులో స్టేడియం డ్రాయింగులు గీసేవారు. ప్రపంచ కప్పు కోసం దోహా అంతా తవ్వి పోస్తున్న రోజులవి. ఒక పాత లాప్‌టాప్ ఇంటికి తెచ్చి, ప్రతి మీట మీదా తెల్ల టేపు ముక్క అంటించి, దాని మీద తెలుగు అక్షరం రాశారు.

"రాయక్కర్లేదే, నొక్కితే చాలు. నా స్టేడియం ముందు అవుతుందో, నీ మొదటి పేజీ ముందు అవుతుందో చూద్దాం," అన్నారు.

"మీ స్టేడియానికి అంతమంది కూలీలు. నాకున్నవి రెండు వేళ్ళు."

"ఆ రెంటికీ ఓవర్‌టైం ఇస్తాలే."

రెండూ పూర్తి కాకముందే ఆయన పోయారు. ఆఫీసులో, కుర్చీలోనే, గుండె ఆగి.

నేను వంట చేసే ఇంటివాళ్ళు దోహాలోనే అల్ అజీజియాలో తమ ఇంటి వెనక గది ఇచ్చి నన్ను ఉండమన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ లాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోవడం మొదలుపెట్టింది. మా చర్చిలో కంప్యూటర్ పని తెలిసిన అబ్బాయి ఉన్నాడు, మా జిల్లావాడే. నేను తమ్ముడూ అంటాను.

"ఇందులో సిస్టం పాతబడిపోయిందక్కా. కొత్తది వేసేద్దాం," అన్నాడు.

"వేస్తే ఆయనవన్నీ పోతాయా?"

"ఫోటోలు తీసి దాస్తాను. ఈ తెర మాత్రం ఇలా ఉండదు."

తెర మీద నాకు కావలసినవన్నీ ఆయన ఎక్కడ పెట్టారో అక్కడే ఉన్నాయి. నేను ఒప్పుకోలేదు. అప్పుడు నా చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"పోనీ ముందు వాడి చూడండి. ఇది గుచ్చి ఆన్ చేస్తే కొత్తది వస్తుంది. తీసేసి ఆన్ చేస్తే మీ పాతదే. పాతదాన్ని ఇది ముట్టుకోదు. నచ్చితేనే మారుద్దాం."

మీటల మీది అక్షరాలే తెర మీద వచ్చేలా సరిచేసి మరీ ఇచ్చాడు.

ఆ శుక్రవారమే ఆయన జ్ఞాపకార్థ కూడిక. మావాళ్ళలో ఏడాది కూడికలో ఇంటివాళ్ళు నిలబడి చనిపోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇదివరకు అలాంటివి ఆయన రాసి చదివి వినిపిస్తే నేను బట్టీపట్టి అప్పజెప్పేదాన్ని. ఈసారి నేనే రాసి, నేనే చదవాలనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ పెట్టి కూర్చున్నాను. కొత్తది ఎక్కడా ఆగలేదు. పొద్దు వాలేసరికి పేజీ నిండింది. ఎవరికీ చెప్పని సంగతి కూడా రాశాను. ఆయన పోయిన రోజు క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి వచ్చింది. అందులోని అన్నం, చేపల పులుసు నేను తిన్నాను. ఆయన కోసం వండింది పారబోయడానికి చేతులు రాలేదు. సేవ్ నొక్కితే ఎక్కడికీ పోదని ఆయన నేర్పారు. నొక్కాను. ఆపేసి వంటకు వెళ్ళాను.

వంట ముగించుకుని వచ్చి ఇంకోసారి చదువుకుందామని ఆన్ చేస్తే నేను రాసిందేమీ లేదు. తమ్ముడికి ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా! అది చూసుకోడానికే. ఆపితే మొత్తం తుడిచిపెట్టేస్తుంది. మీరు అందులో రాస్తారనుకోలేదు, చెప్పాల్సింది."

"సేవ్ చేశాను తమ్ముడూ. పేరు కూడా కనిపించింది."

"కనిపిస్తుందక్కా. ఆపేదాకా కనిపిస్తుంది."

ఫోన్ చెవిన పెట్టుకునే తెరంతా మళ్ళీ వెతికాను.

"రేపు నోటితో చెప్పేయండి. మీకు తెలియనిదా?" అన్నాడు.

"నోటితో చెప్పగలిగితే ఎప్పుడో ఎవరికో చెప్పేదాన్ని," అన్నాను.

తెల్లవారి పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టి, పాతదాన్నే ఆన్ చేశాను. అది మధ్యమధ్యలో ఆగుతుంటే నేనూ ఆగుతూ నొక్కాను. తమ్ముడు కారు హారన్ కొట్టేసరికి మూడు వాక్యాలయ్యాయి. లాప్‌టాప్ మూత తెరిచే ఉంచి ఒళ్ళో పెట్టుకుని కారెక్కాను. రోడ్డు తవ్వారని చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు.

"మూత వేయండక్కా, ఇందులో సేవ్ చేస్తే పోదు."

"నిన్నా అలాగే అనుకున్నాను."

మా చర్చి ఉన్న అబూ హమూర్ చేరేదాకా మూత వేయలేదు. కూడికలో నా వంతు వచ్చినప్పుడు దాన్ని బల్ల మీద పెట్టి, తెర మీద వేలు ఆనించి చదివాను. ఆయన నాకు అక్షరాలు నేర్పారు. ఆ రోజు ఆయన క్యారేజీ మూత తీయకుండానే వచ్చింది. ఆ అన్నం నేను తిన్నాను. అంతవరకు చదివి కూర్చున్నాను.