లిఫ్టు బావ సగం మాటలు

మా చెల్లెలి మొగుడు లిఫ్టు నడుపుతాడు. ఇప్పుడు ఎక్కడ చూసినా మీట నొక్కితే దానంతటదే వెళ్ళిపోయే లిఫ్టులే. మా బావ పనిచేసే పాత ఆఫీసుల భవనంలో మాత్రం ఇంకా మడతల ఇనుప తలుపు, ఇత్తడి పిడి, ఆ పిడి తిప్పడానికి స్టూలు మీద ఒక మనిషి ఉన్నారు. ఆ లిఫ్టు ఎంత నిదానమంటే, ఓ గుమాస్తా నున్నటి గడ్డంతో కింద ఎక్కి, పై అంతస్తులో మాసిన గడ్డంతో దిగాడు. నా కళ్ళతో చూశాను. నమ్మనివాళ్ళు మెట్లెక్కి వెళ్ళవచ్చు.

అంతసేపు ఒక పెట్టెలో నిలబడితే ఎవరైనా మాట్లాడక ఏం చేస్తారు? పైగా స్టూలు మీద మనిషిని కూడా స్టూలు కిందే జమకడతారు కనుక, దాచుకోవాల్సినవి కూడా మాట్లాడేస్తారు. ఇంతలో అంతస్తు వస్తుంది, దిగిపోతారు. ఆ విధంగా మా బావ చెవిలో పడ్డవన్నీ సగం మాటలే. "మొత్తానికి ఆ బల్లి సూట్‌కేసులోనే ఉండి..." అంటూ ఒకావిడ మూడో అంతస్తులో దిగిపోయింది. "ఆయన పోయాడని నేనెప్పుడన్నాను? నేనన్నదల్లా..." అంటూ వకీలుగారు ఐదో అంతస్తులో దిగిపోయారు. బావ ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని బల్లి గురించి మథనపడేవాడు.

"ఆ బల్లి ఏమైపోతే మీకెందుకండీ, ముందు తినండి," అనేది చెల్లాయి.

చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టరుగారు ఖాళీలు పూరించమని ఇచ్చేవారు. నాకు తోచింది రాసి నేను గోడకుర్చీ వేసేవాణ్ణి. బావ ఏ కాన్వెంటు గడపా తొక్కలేదు కానీ, పెద్దయ్యాక తనంతట తానే ఆ పనికి పూనుకున్నాడు. భవనం కింద కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతని దగ్గర ఓపిగ్గా నేర్చుకుని, సొంతానికి ఒక వెబ్‌సైటు కట్టుకున్నాడు. పైన తనే గీసిన లిఫ్టు తలుపు బొమ్మ. నేను చూసి జైలనుకున్నాను. విన్న సగం నల్ల అక్షరాల్లో, తాను కల్పించిన సగం నీలం అక్షరాల్లో. లైకులు లేవు, ఎంతమంది చూశారన్న లెక్క లేదు. అడుగున, వచ్చినవాళ్ళు ఓ మాట రాసి వెళ్ళడానికి చిన్న చోటు, అంతే.

ఏటా చివరి వారంలో ఒక పెద్ద పేజీ రాసేవాడు. ఆ ఏడాది కల్పించినవన్నీ మొదటినుంచి చదువుకుని, ఎక్కడ పొరపాటు పడ్డాడో తనే ఒప్పుకునేవాడు. "బల్లికి అన్యాయం చేశాను. ఒళ్ళు అలిసిన రోజున రాసి ఊరికే చంపేశాను. అది విమానం దిగి కొత్త గోడ మీద దర్జాగా పాకాల్సింది" అని రాసి, ఓ ఏడాది దాన్ని బతికించాడు.

"మిగతా ఏడాదంతా ఈ పేజీ కోసమే రాస్తాను బావగారూ," అన్నాడొకసారి నాతో. "నేను ఎప్పుడు మనసు పెట్టానో, ఎప్పుడు పెట్టలేదో ఇక్కడ తెలిసిపోతుంది."

చెల్లాయికి ఇదంతా నచ్చేది కాదు. రాత నచ్చకపోవడం కాదు, దాన్ని ఎవరూ చూడకపోవడం.

"చూడన్నయ్యా, ఇంత బాగా రాస్తారా, పట్టుమని పదిమంది చదవరు. నూతిలో కూర్చుని పాడుకున్నట్టుంది ఈయన వ్యవహారం."

"అది నా గది. వచ్చేవాళ్ళు వస్తారు," అన్నాడు బావ.

"గదికి కిటికీ ఉండాలి కదండీ."

చెల్లాయి గొంతు బాగుంటుంది. ఓ రోజు భవనానికి వెళ్ళి, ఆ లిఫ్టు తలుపు ముందే నిలబడి, నాలుగైదు ముక్కలు అభినయంతో సహా చదువుతూ వీడియో తీసుకుని, అందరూ చూసే ఓ పెద్ద యాప్‌లో పెట్టింది. అందులో పళ్ళ డాక్టరుగారి ముక్క ఒకటి. "మా అత్తగారి ముందు నోరు తెరవాలంటే నాకే భయం. మొన్న ధైర్యం చేసి తెరిచాను. అప్పుడావిడ..." అంటూ ఆ డాక్టరమ్మ నాలుగో అంతస్తులో దిగిపోయింది. మిగతాది బావ పూరించాడు: "అప్పుడావిడ తొంగిచూసి, పైవరస చివరి పన్ను పుచ్చింది, ముందు దాని సంగతి చూసుకో అంది."

ఆ వీడియో ఊరూవాడా తిరిగింది. చెల్లాయి ఫోను టింగు టింగుమని మోగీ మోగీ వేడెక్కితే, దాని మీద నా చొక్కా కాలరు ఇస్త్రీ చేసుకున్నాను. కానీ వెనకాల ఉన్న తలుపును భవనంలో అందరూ గుర్తుపట్టారు. తలుపుతోపాటు తమ మాటల్నీ గుర్తుపట్టారు.

మర్నాటినుంచి లిఫ్టులో నోరు మెదిపినవాడు లేడు. ఒకరోజు నేనూ ఎక్కాను. ఎంత నిశ్శబ్దమంటే, ఇన్సూరెన్సు ఏజెంటు కడుపులో ఆకలి కూస్తే అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన కడుపుమీద చెయ్యేసి "ఊరుకో" అన్నాడు. పళ్ళ డాక్టరుగారైతే లిఫ్టే మానేసి మెట్లెక్కుతోంది.

నెలాఖరు దగ్గరపడింది, సంవత్సరమూ ఆఖరికొచ్చింది. బావ కంప్యూటరు ముందు కూర్చునేవాడు, లేచిపోయేవాడు.

"ఈసారి పేజీ లేదు బావగారూ. సైటు కూడా తీసేస్తాను. వినడానికి ఏమీ లేనివాడు ఏం రాస్తాడు?"



బావ మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. క్షమాపణ చెప్పుకోవాలని బయల్దేరినవాడు, ఆవిడ కూర్చోమని చెయ్యి చూపించగానే కంగారులో పోయి రోగుల కుర్చీలోనే కూర్చున్నాడు.

"నోరు తెరవండి," అందావిడ.

"అమ్మా, నేను పంటికోసం రాలేదు. తప్పయిపోయింది."

"తెలుసు. ముందు తెరవండి." లైటు వేసి చూసింది. "రాశారని కాదండీ నా కోపం. మీ సైటు నేను ఎప్పటినుంచో చదువుతున్నాను. ఆ ముక్క అక్కడే చదివి నవ్వుకున్నాను, మా అత్తగారికీ చదివి వినిపించాను. ఆవిడా నవ్వింది. ఇప్పుడా యాప్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఆవిడ అవన్నీ కూర్చుని చదువుతోంది. నేనెప్పుడు అంత చెడ్డదాన్నయ్యానే అని అడిగింది నన్ను."

బావ నోరు తెరిచే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

"నొప్పిగా ఉందా?" అంది డాక్టరమ్మ, కాస్త మెత్తబడి.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాడు. చెల్లాయి వీడియోలన్నీ తీసేసి, పళ్ళ డాక్టరు అత్తగారింటికి స్వయంగా వెళ్ళివచ్చింది. "అన్నయ్యా, పాపం ఆవిడే నన్ను ఓదార్చి పంపింది," అని ముక్కు చీదుకుంది.

వీడియోలు పోయాయి కానీ లిఫ్టు మాత్రం మూగగానే ఉంది. అప్పుడు బావ తన ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఏడాది చివరి పనిదినాల్లో ఒక పొద్దున, వకీలు, ఏజెంటు, డాక్టరు, నేను అందరం ఎక్కాక పిడి తిప్పుతూ తనే మొదలుపెట్టాడు.

"పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ నన్ను ఇంట్లో ఉంచి, బయట తాళం వేసుకుని వెళ్ళిపోయింది. ఎందుకంటే..."

మూడో అంతస్తు. తలుపు తీశాడు. దిగాల్సిన ఏజెంటు గుమ్మంలో ఆగాడు.

"ఎందుకంటే?"

"మీ అంతస్తు వచ్చిందండీ."

"ఉండవయ్యా. ఎందుకు వేసింది?"

"మర్చిపోయి వేసుంటుంది," అంది డాక్టరమ్మ. ఆ రోజే ఆవిడ మళ్ళీ లిఫ్టెక్కింది.

"కాదు, ఈయనే ఏదో చేసుంటాడు," అన్నాను నేను. చెల్లెలి పక్షం మాట్లాడాలి కదా.

"సాక్ష్యం లేకుండా తీర్పులు చెప్పకండి," అని గద్దించారు వకీలుగారు. నాలుగో అంతస్తులో తలుపు తీస్తే ఎవరూ దిగలేదు. ఐదులోనూ దిగలేదు. పైకంటా వెళ్ళి కిందికి బయల్దేరాం.

"తాళం మాట వచ్చింది గనక చెబుతున్నాను," అన్నారు వకీలుగారు గొంతు సవరించుకుని. "నేనూ ఓసారి బాత్రూములో ఇరుక్కుపోయాను. అవతల వాయిదా. తలుపు అవతల మా మామగారు. నేను కొడుతున్నాను, ఆయనేమో..." అని చెప్పుకుపోతూ చటుక్కున ఆగి బావవైపు చూశారు. అందరం బావవైపే చూశాం.

బావ పిడి వదిలేశాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది.

"ఇది రాసుకోవచ్చాండీ? మీరొద్దంటే రాయను," అన్నాడు. అంతవరకు ఎవరినీ అలా అడిగి ఎరగడు.

వకీలుగారు ఆలోచించారు. "ఎక్కడ? మీ సొంత పేజీలోనేనా?"

"అక్కడేనండీ. ఇంకెక్కడికీ పోదు."

"అయితే రాసుకోండి," అన్నారాయన టై సర్దుకుంటూ. "కాకపోతే ముగింపులో మా మామగారిమీద నేను గెలవాలి."