ఒంటారియో సరస్సు మీద నేనన్న ‘చాలు’

ట్రోలింగ్ అంటే మొన్నటిదాకా నాకు తెలిసిన అర్థం ఒక్కటే: కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా తోడల్లుడు సత్యాన్ని నేను ఏళ్ళ తరబడి చేస్తున్న పని. పడవని నెమ్మదిగా నడుపుతూ వెనకాల గాలాలు ఈడ్చుకుంటూ చేపలు పట్టడాన్ని కూడా ఆ మాటతోనే పిలుస్తారని సత్యమే ఫోన్ చేసి చెప్పాడు. “అన్నయ్యా, ఏప్రిల్‌లో ఒంటారియో సరస్సు మీద ట్రౌట్ చేపలకి ట్రోలింగ్ వెళ్దాం, వస్తారా?” అన్నాడు. “దానికంత దూరం ఎందుకయ్యా, నిన్ను ఇంట్లో కూర్చునే చేస్తున్నాగా” అన్నాను. అవతల నవ్వాడు. అలా మొదలైంది ఈ ప్రయాణం, నా జోకుతో.

సత్యం అంటే మా ఆవిడ కామేశ్వరి చెల్లెలి భర్త. టెక్సస్‌లో కాపెల్‌లో ఉంటాడు, ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. చేపలు పట్టడమంటే పిచ్చి. గాలాలు, రీళ్ళు, జేబులున్న చొక్కా, అన్నీ కొన్నాడు. డాలస్ చుట్టుపక్కల ఉన్న నీళ్ళన్నీ తిరిగాడు. ఇంతవరకు పడింది ఒక చెప్పు. అదీ ఎడమకాలిది. అప్పుడే నేను ‘చేపల సత్యం’ అని పేరు పెట్టాను, ఇక గ్రూపులో అదే స్థిరపడింది. ఎవరింట్లో చేపల పులుసు వండినా ఫోటో కింద నేను రాసేవాణ్ణి: “ఈ చేపని సత్యమే పట్టాడు, షాపులో కౌంటర్ దగ్గర, టోకెన్ నంబర్ పిలవగానే.” అతను నవ్వే బొమ్మ పెట్టేవాడు. బొమ్మ నవ్వుతోంది కాబట్టి మనిషికి నొప్పి లేదనుకున్నాను. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు షాపుల ఫ్రిజ్‌లు బాగుచేసి బతికినవాణ్ణి నేను. లోపల లైటు వెలుగుతున్నంత మాత్రాన చల్లగా ఉన్నట్టు కాదని నాకంటే ఎవరికి తెలియాలి?

సత్యం గురువారం రాత్రి నెవార్క్‌లో దిగాడు. శుక్రవారం భోజనాలయ్యాక ముగ్గురం మా పాత వ్యాన్‌లో బయల్దేరాం. ఎడిసన్ నుంచి 287, 80 మీదుగా పెన్సిల్వేనియాలోకి వెళ్ళి, స్క్రాంటన్ దగ్గర 81 ఎక్కితే ఇక ఉత్తరానికి తిన్నగా పోవడమే. బింగమ్టన్, సిరక్యూజ్ దాటి ఒస్వీగో చేరడానికి ఆగకుండా వెళ్తే ఐదు గంటలు. మాలాంటి మోకాళ్ళున్నవాళ్ళకి ఆరు. న్యూజెర్సీలో పూలు పూసేశాయి కదా అని పల్చటి జాకెట్‌తో బయల్దేరకండి. బింగమ్టన్ కొండల పక్కన ఇంకా మురికి మంచు కుప్పలుగా ఉంది. వేరే రాష్ట్రంవాళ్ళకి న్యూయార్క్ చేపల లైసెన్సు ఒక రోజుకి విడిగా ఇస్తారు, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. పడవ, కెప్టెన్, గాలాలు అన్నీ కలిపి సగం రోజుకి తలా రెండు వందల డాలర్ల దాకా అయింది. సత్యం నన్ను పర్సు తియ్యనివ్వలేదు.

ఇక్కడ నా పళ్ళ సంగతి చెప్పాలి. ప్రయాణానికీ దీనికీ సంబంధం ఏమిటంటారేమో, ఉంది. సంక్రాంతి వెళ్ళాక నాకు పైవరస పళ్ళసెట్టు పెట్టారు. అప్పటినుంచి నా నోట్లో ‘చ’ పలకదు, ‘ష’ అని ఈల వేస్తుంది. చారు పొయ్యమంటే షారు అని వినిపిస్తుంది. “ఇన్నాళ్ళు మాట్లాడింది చాలదూ, ఇప్పుడు ఈల కూడానా!” అంటుంది కామేశ్వరి. డాక్టర్ సర్దుతానన్నాడు కానీ నేనే వాయిదా వేస్తూ వచ్చాను. చిన్న లోపం, మనవలకి మంచి కాలక్షేపం, ఉండనిద్దాం అనుకున్నాను.

సిరక్యూజ్ ముందు రెస్ట్ ఏరియాలో ఆగి పులిహోర తింటుంటే సత్యం ఉన్నట్టుండి అన్నాడు: “ఒక్క చేపన్నయ్యా. ఒక్కటి పడితే ఫోటో తీసి గ్రూపులో పెట్టేసి, ఇక గాలాలు గరాజ్‌లో పడేస్తాను.”

“పడకపోతే?” అన్నాను, నోరు ఊరుకోక.

“మా చిన్నది మొన్న ఏమందో తెలుసా? ‘ఇట్స్ ఓకే డాడీ, మనం ఫిష్ కొనుక్కుందాం, పెదనాన్నకి చెప్పొద్దు’ అంది. జోక్ కాదన్నయ్యా. నిజంగానే ఓదారుస్తోంది.”

కామేశ్వరి నావైపు చూసింది. నేను పులిహోరలో మిరపకాయ వెతుక్కున్నాను.

మర్నాడు ఆరింటికల్లా ఒస్వీగో నది ఒడ్డున పడవ దగ్గర ఉన్నాం. కెప్టెన్ పేరు హ్యాంక్. నా ఈడువాడే, గడ్డం, గొంతు రెండూ గరుకు. వసంతం మొదట్లో చేపలకోసం సరస్సు మధ్యకి పోనక్కర్లేదని చెప్పాడు. నడిమధ్య నీళ్ళు ఇంకా ఐసులా ఉంటాయి. ఒడ్డు పక్కన, నది కలిసేచోట, ఎండకి కాస్త వెచ్చబడిన మురికినీళ్ళలోకి బ్రౌన్ ట్రౌట్ చేరుతుంది. అందుకని ఒడ్డుని దాదాపు రాసుకుంటూ వెళ్ళాలి. పడవకి రెండు పక్కలా, నీటిమీద తేలే చిన్న పలకలు దారాల్ని దూరంగా లాక్కుపోతాయి. వాటి వెనక వేలెడంత ఉత్తుత్తి చేపలు తోక ఊపుకుంటూ ఈదుతాయి. మనిషి నడకంత వేగం, అంతే. గుడి ప్రదక్షిణం కూడా దీనికంటే జోరుగా సాగుతుంది.

బయల్దేరేముందు హ్యాంక్ మా ముగ్గుర్నీ నిలబెట్టి ఒకటి చెప్పాడు. “ఇక్కడ అడుగునంతా రాళ్ళు. చేప తగిలితే నేను వెనక్కి తిరిగి దాన్నే చూస్తుంటాను. లోతు చూపించే స్క్రీన్ మీ బెంచీ పక్కన కూడా ఒకటుంది. అంకె ఐదు అడుగుల కిందికి పడితే ‘షాలో’, అంటే లోతు తక్కువ, అని అరవండి. ఇంకేం చెప్పొద్దు, ఆ ఒక్క మాట చాలు.” మా చేత పలికించాడు కూడా. సత్యం అన్నాడు, కామేశ్వరి అంది. నేనన్నాను, “షాలో!” కెప్టెన్ మెచ్చుకున్నాడు: “పెద్దాయన గొంతు బాగుంది. ఇంజను మోతలో కూడా వినిపిస్తుంది.” నేను పొంగిపోయాను. ఆ పొంగు ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలుతున్నాయి.

సరస్సంటే ఏదో అనుకున్నాను. అవతలి ఒడ్డు లేదు. ఎటు చూసినా బూడిదరంగు నీళ్ళు, ఆ పైన అదే రంగు ఆకాశం. విశాఖలో సముద్రం ముందు నిలబడ్డట్టే ఉంది, ఉప్పువాసన ఒక్కటే తక్కువ. రెండు గంటలు ఏమీ జరగలేదు. నాకు చెప్పడానికి కథలున్నాయి కాబట్టి నాకు విసుగనిపించలేదు. వినేవాళ్ళ సంగతి తెలియదు. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో దొరికిన పెళ్ళి ఉంగరం కథ సగంలో ఉండగా ఎడమవైపు పలక ఒక్కసారి వెనక్కి గుంజింది.

“సత్యం, నీదే!” అన్నాడు హ్యాంక్.

సత్యం గాలం కర్ర అందుకున్నాడు. కర్ర విల్లులా వంగింది. చేప ఒకసారి నీటిపైకి దొర్లింది. నేను కళ్ళారా చూశాను. బంగారం రంగు పొట్ట, వీపు మీద నల్లచుక్కలు, నా ముంజేయంత పొడుగు. సత్యం ముఖం చూడాల్సింది! యాభై ఏళ్ళ మనిషి, నోరు తెరుచుకుని, ఊపిరి తీయడం మర్చిపోయి, ఒక్కో చుట్టుగా రీలు తిప్పుతున్నాడు. “మెల్లగా, దారం వదులవనీయకు” అంటున్నాడు హ్యాంక్, ఒక చెయ్యి స్టీరింగ్ మీద, చూపు వెనక్కి. చేప పడవ దగ్గరికి వస్తోంది. ఇంకొక్క నిమిషం.

సరిగ్గా అప్పుడు చలికి వణుకుతున్న నా చేతిలోని కప్పులోకి కామేశ్వరి ఫ్లాస్క్‌లోంచి టీ పోస్తోంది. ఆవిడ చూపు చేప మీద, నా చూపూ చేప మీద. టీ అంచు దాటి నా వేళ్ళమీద పడింది. మంట నెత్తికెక్కింది. నా నోట్లోంచి నా మాతృభాష, నా కొత్త పళ్ళలోంచి, మెచ్చుకోలు పొందిన నా గొంతుతో బయటికొచ్చింది.

“షాలు! షాలోయ్, షాలూ!”

హ్యాంక్ ఆగి స్క్రీన్ చూడలేదు. చూడకూడదు కూడా, రాయి తగిలితే పడవ అడుగు పోతుంది. స్టీరింగ్ లోతువైపు తిప్పేసి ఇంజను తగ్గించాడు. పడవ ఒరిగింది. దారాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చి జడ అల్లుకున్నాయి. సత్యం చేతిలో కర్ర నిటారుగా లేచి నిలబడింది. చేప బరువు లేని కర్ర ఎంత సన్నగా కనిపిస్తుందో అప్పుడు తెలిసింది.

హ్యాంక్ స్క్రీన్ చూశాడు. తొమ్మిది అడుగులు. “షాలో అని అరిచింది ఎవరు?”

నాకు ఆ క్షణంలో నిజంగా అర్థం కాలేదు. నేను ఆ మాట అనలేదనే అనుకున్నాను. చేతిలో కప్పు వైపు చూసుకున్నాను. నా ‘చాలు’ అతనికి ఎలా వినిపించిందో అప్పుడు అర్థమైంది. నోరు తెరిచాను.

“నేనే, కెప్టెన్. సారీ. స్క్రీన్ తప్పు చదివాను” అన్నాడు సత్యం.

హ్యాంక్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. “చేప తగిలినవాడు స్క్రీన్ చూడటమేమిటయ్యా! తన చేపని తనే వెళ్ళగొట్టుకున్నవాణ్ణి ఇన్నేళ్ళలో నిన్నే చూస్తున్నా.” పక్క పడవ కెప్టెన్‌తో రేడియోలో ఆ మాటే చెప్పాడు. పెట్టెలోంచి గరగరమంటూ నవ్వులు వచ్చాయి, ముందు ఒకటి, తర్వాత ఇంకో పడవలోంచి మరొకటి. చెడ్డవాడేం కాదు హ్యాంక్; నేను చేసే పనే చేశాడు. దూరం నుంచి వింటే అది ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. సత్యం నవ్వాడు. మా గ్రూపులో బొమ్మ ఉంటుందే, అచ్చం అలాగే.

నా నోరు ఇంకా తెరిచే ఉంది. ఏ విషయానికైనా ముప్పావుగంట మాట్లాడగలిగే నోరు. దాన్ని మూసేందుకు టీ తాగాను.

చిక్కులు విప్పేసరికి చాలాసేపు పట్టింది. తర్వాత కుడివైపు పలక గుంజింది, వంతు నాది. సత్యం నా వెనకాల నిలబడి నా నడుముకి చెయ్యి ఆనించి, “మెల్లగా అన్నయ్యా, వదులవనీయకండి” అని చెప్తూ, వలతో తనే చేపని పైకెత్తాడు. మొదటిదాంట్లో సగం కూడా లేదు. ఫోటో తనే తీశాడు, తనే గ్రూపులో పెట్టాడు. ఒడ్డుకొచ్చేసరికి గ్రూపు నిండా దండాలు. ఎవరో అడిగారు, “చేపల సత్యం ఏం చేస్తున్నాడు?” అని. ఇంకెవరో జవాబిచ్చారు, “ఫోటో తీస్తున్నాడు.” నేను నేర్పిన విద్యే. సత్యం నవ్వే బొమ్మ పెట్టాడు.

వంతెన దగ్గరి చిన్న హోటల్లో హ్యాంక్‌తో కలిసి టిఫిన్ తిన్నాం. ఆమ్లెట్లు బాగుంటాయి, హాష్ బ్రౌన్స్ కరకరలాడతాయి, శనివారం పొద్దున జనం ఎక్కువ. రుచి చెప్పమంటే ఇంతకంటే చెప్పలేను. హ్యాంక్ లేచి వెళ్ళాక సత్యం చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. కామేశ్వరి ప్లేటు వైపే చూస్తూ అంది:

“సత్యం ‘నేనే’ అన్నాడు, సరే. మీరెందుకు ఊరుకున్నారు?”

“చెప్పబోయాను…”

“ఎప్పుడు? ఉంగరం కథ అయ్యాకా?”

తిరుగు దారిలో బింగమ్టన్ దాటాక, కామేశ్వరి వెనక సీట్లో కళ్ళు మూసుకున్నాక (నిద్రపోలేదని నాకు తెలుసు), ధైర్యం కూడగట్టుకున్నాను. “తమ్ముడూ, ఆ అరుపు…”

“తెలుసన్నయ్యా. పళ్ళు” అన్నాడు సత్యం, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“మరి నువ్వెందుకు మీదేసుకున్నావు?”

“మీరు పెద్దవారు. కొత్తచోట, కొత్తవాళ్ళ ముందు మాట పడితే మీకు కష్టంగా ఉంటుంది. నాకు అలవాటేగా.”

దెప్పుతున్నాడేమోనని గొంతులో వెతికాను. లేదు. అది ఇంకా బాధగా ఉంది. “కాదు తమ్ముడూ, గ్రూపులో నేను…” అని మొదలుపెట్టబోతే, ఎడమచెయ్యి స్టీరింగ్ మీద ఉంచి కుడిచెయ్యి కొంచెం ఎత్తాడు.

“చాలన్నయ్యా.”

అతని ‘చ’ స్పష్టంగా పలుకుతుంది.

చాలదు కాబట్టి ఇదంతా రాశాను. ప్రయాణాల గురించి రాసేటప్పుడు ఇంతవరకు నేను దారి తప్పడం, లగేజీ పోవడం లాంటి సిగ్గులే చెప్పుకున్నాను; అవి చెప్పుకుంటే మనిషి పెద్దగా తగ్గడు, పైగా నలుగురూ నవ్వుతారు. ఇది అలాంటిది కాదు. ఈ రాత లింకుని ఇప్పుడే మా గ్రూపులో పెడుతున్నాను, ముఖ్యంగా సత్యం చిన్న కూతురి కోసం. తల్లీ, తెలుగు చదవడం నీకు కష్టం కాబట్టి మీ అమ్మ చేత చదివించుకో. మీ నాన్నకి చేప తగిలింది. ఆ రోజు ఆ సరస్సులో నేను చూసిన వాటన్నిటికంటే పెద్దది. దాన్ని పడవదాకా తెచ్చాడు. వెళ్ళగొట్టింది మీ పెదనాన్న. ఫోటోలో నా చేతిలో ఉన్నది రెండో చేప.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక సలహా. ఏప్రిల్ నడిమధ్యలో వెళ్ళండి, మందపాటి గ్లౌజులు తీసుకెళ్ళండి, పడవలో ఎవరైనా టీ పోస్తుంటే నోటితో ఏమీ చెప్పకండి. కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టండి. చెయ్యి కాలుతుంది, అయినా సరే.