నీలం బస్సు మెట్టు మీద చోటు

మొన్న ఒక పెళ్లికని విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి బస్సులో వస్తుంటే, పక్కన కూర్చున్న కుర్రాడు చెవుల్లో ఏవో పెట్టుకుని తనలో తానే తల ఊపుతున్నాడు. ఏం పాట నాయనా అని అడిగితే ఫోను నా మొహం ముందు పెట్టాడు, అందులో నాకేం బోధపడిందో ఆ దేవుడికే తెలియాలి. బస్సులో మాత్రం పాట లేదు. నా ఈడువాళ్లకు పాట లేని బస్సు ప్రయాణం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

మాది తమిళనాట కడంబూరు పక్కన, తెలుగిళ్లున్న నల్లరేగడి పల్లె. పొద్దున కోవిల్‌పట్టికి రెండు ప్రైవేటు బస్సులుండేవి, ఒకటి పసుపుది, ఒకటి నీలంది. పసుపు బస్సులో పాతకాలపు తియ్యటి పాటలు వేస్తే, నీలం బస్సులో అప్పుడే వచ్చిన కొత్త సంగీతం దద్దరిల్లేది. కాలేజీకి వెళ్లే మేం పసుపు జట్టు, పక్కపాపిడి తీసి, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడే పెద్దమనుషులం. నీలం జట్టువాళ్లు చెవులు కప్పే జుట్టుతో, వీధులూడ్చే బెల్‌బాటంలతో మెట్టు మీద వేలాడుతూ వెళ్లేవాళ్లు. ఆ మెట్టు మీద మొదటి చోటు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి వెళ్లే మా బావది, అంటే మా మేనమామ కొడుకుది. ఇంట్లో ఇద్దరం ఒకే కంచంలో తిన్న చనువు, తెలుగులో కబుర్లు; రోడ్డెక్కితే మాత్రం ఎవరో పరాయివాళ్లమన్నట్టు ఒకరినొకరం అరవంలో ఎగతాళి. ఎదుటివాళ్ల బస్సు ఎక్కినవాడికి ఇక జట్టులో మొహం చెల్లేది కాదు.

ఆఖరి పరీక్ష రోజున మా పసుపు బస్సు రాలేదు. ఈసారి తప్పితే పుస్తకాలు మూసి పత్తి చేనికి రమ్మని నాన్న ఖరాఖండిగా చెప్పేసి ఉన్నాడు. నీలం బస్సు వచ్చి ఆగింది. మావాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లకేం, పరీక్షలు అయిపోయినా పాట కోసమే వచ్చిన మహానుభావులు. నేనూ వాళ్ల పక్కనే నిలబడిపోయాను. కండక్టరు విజిల్ వేశాడు. బావ మెట్టు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కురా, పరిచ్చకి పొద్దుపోతా ఉండాది. నగేవాళ్లు నగనీ."

అందరి ముందూ, తెలుగులో. రెండు జట్లూ నోళ్లు తెరిచి చూస్తుండగా తన చోట నన్ను నిలబెట్టి, తను లోపల కూరగాయల గంపల మధ్యకు వెళ్లిపోయాడు.

నేను గట్టెక్కాను, ఆ చదువుతోనే ఉద్యోగం చేసి పిల్లల్ని పైకి తెచ్చాను. బావకు మాత్రం జట్టువాళ్లు ఆ చోటు మళ్లీ ఇవ్వలేదు. పసుపువాణ్ణి ఎక్కించుకున్నవాడికి మెట్టెందుకన్నారట. ఫ్యాక్టరీకి వెళ్లినన్నాళ్లూ ఆ గంపల మధ్యే నిలబడి వెళ్లాడు, ఇంట్లో మాత్రం ఎన్నడూ ఊసెత్తలేదు. పోయిన ఏడు తూత్తుకుడిలో కన్నుమూసేదాకా ఎత్తలేదు.

ఇప్పుడు ఏ బస్సు ముందొస్తే అదే ఎక్కేస్తున్నారు. కొట్లాటల్లేవు, పంతాల్లేవు, మంచిదే. కానీ ఒకణ్ణి రమ్మని పిలిచినందుకు పోగొట్టుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. నాకు బావ మీద బెంగగా ఉంది.