ఉమ్ సాలెం డప్పు బోర్లించిన రోజు

మా చిన్నప్పుడు... సౌదీలోని దమ్మామ్‌లో మేమున్న ఇంట్లో మెట్ల కింద తరచూ నిప్పుల వాసన వచ్చేది. వంటకు కాదు... డప్పులు కాచడానికి!

కింది వాటాలో ఉమ్ సాలెం, అంటే సాలెం వాళ్ళమ్మ, ఉండేది. నల్లగా, ఎత్తుగా... నవ్విందంటే మెట్లన్నీ మోగేవి. ఆ దేశం మనిషే. వాళ్ళ అమ్మమ్మను పసితనంలో ఆఫ్రికా నుంచి తెచ్చి ఒక పెద్దింటికి అమ్మారట. బానిసత్వం నేను పుట్టకముందే పోయింది. కానీ అలాంటి ఇళ్ళలో శుభకార్యమైతే డప్పు కొట్టే పని మాత్రం ఎక్కువగా ఆ వంశాల ఆడవాళ్ళకే ఉండిపోయింది...

బాపు ఏసీలు బాగుచేసేవాడు. అమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. మొదటిసారి ఆ కుంపటి చూసి అమ్మ, చేతిలో కూరగాయల సంచి ఉందన్న సంగతే మరచి, అక్కడే చతికిలబడింది. ఒక డప్పు అందుకుని వేలితో మీటి, "ఇంక కాగలే" అంది... తెలుగులో! ఉమ్ సాలెం తెల్లబోయి చూసి, పకపకా నవ్వింది. మా తాత జగిత్యాల దిక్కు డప్పు కొట్టేవాడు మరి... ఆ చెయ్యి ఊరుకుంటుందా?

అట్లా కలిశారు ఇద్దరూ. సగం అరబ్బీ, సగం హిందీ... మిగతాదంతా చేతులతో.

గల్ఫ్ యుద్ధమప్పుడు సైరన్ మోగితే, కిటికీలకు టేపులంటించిన ఉమ్ సాలెం వాళ్ళ హాల్లోనే అందరం. పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. అమ్మ చేసిన పచ్చిపులుసు అన్నంలో పోసుకుని, వాళ్ళ అమ్మాయి మరియం ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ అడిగేది. నా ఈడుదే. అక్కడ వేరే మతాల ప్రార్థన బయటికి వినబడకూడదు గనక, మేం తలుపులేసుకుని, గొంతు తగ్గించి ప్రభువుకు ప్రార్థన చేసుకునేవాళ్ళం. "మా వంతు కూడా చెప్పండి, మేమూ మీ వంతు చెబుతాం" అనేది ఉమ్ సాలెం.

యుద్ధం ముగిసింది... ఉమ్ సాలెం అమ్మమ్మను కొన్న ఆ పెద్దింట్లోనే పెళ్ళి వచ్చింది. గోరింటాకు వేడుక రోజు పెళ్ళికూతురు వేసుకునే పచ్చ గౌను కుట్టింది అమ్మే. అందుకని ఆ వేడుకకు మాకూ పిలుపు.

ఆ రోజు మధ్యాహ్నం ఉమ్ సాలెం పైకి వచ్చి, ఎప్పట్లాగే నా పేరుతో అమ్మను పిలిచి అంది. "ఉమ్ రూత్, ఇవాళ మరియం మొదటిసారి నాతో డప్పుకు వస్తోంది. అందరూ తిన్నాక వంటింటి నడవాలో కూర్చుని తినడం... మా అమ్మమ్మ తింది, మా అమ్మ తింది, నేనూ తిన్నాను. నా బిడ్డ తినదు. అందరితో కూర్చోబెడితేనే డప్పు."

"పిలుసుడే బంద్ వెడ్తరేమో సూస్కో" అంది అమ్మ.

"పెట్టనీ! గిన్నెలు వాయించుకుని చేసుకుంటారు పెళ్ళి!"

సాయంత్రం హాల్లో గుడ్డలు పరిచారు. పొగలు కక్కుతూ మాంసం, అన్నం పళ్ళేలు వచ్చాయి. తిన్నాక పెళ్ళికూతుర్ని డప్పులతో తీసుకురావాలి. ఇంటి కోడలు వచ్చి, "మీరు లోపలికి పదండి, ఎప్పట్లాగే తర్వాత పెడతాం" అంది.

ఉమ్ సాలెం కదల్లేదు. డప్పు తీసి తివాచీ మీద బోర్లించింది. "అయితే పెళ్ళికూతురు కూడా తర్వాతే వస్తుంది."

డప్పులకొచ్చిన మిగతా ఆడవాళ్ళూ ఒక్కొక్కరే బోర్లించారు... అందరికంటే చివర మరియం.

"బానిస పుట్టుక..." అని ఎవరో గొణిగారు. మరియం తల వాలిపోయింది.

ఉమ్ సాలెం దిండ్లకానుకుని కూర్చున్న ముసలావిడ వైపు తిరిగింది. ఆ ఇంటికి పెద్ద దిక్కు ఆవిడ. చిన్నప్పుడు ఆవిడకు పాలిచ్చి పెంచింది ఉమ్ సాలెం అమ్మమ్మే. అక్కడ ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు తోబుట్టువుల కిందే లెక్క... అంటే ఆవిడ ఉమ్ సాలెం వాళ్ళమ్మకు అక్క వరస.

ఎప్పుడూ "అమ్మగారూ" అనే మనిషి, ఆ రోజు "పెద్దమ్మా" అంది.

"పెద్దమ్మా... పాలప్పుడు మేం ముందు. పళ్ళెం దగ్గర ఆఖరా?"

మా అమ్మ మెల్లగా లేచి, నా చెయ్యి పట్టుకుని వెళ్ళి డప్పుల పక్కన కూర్చుంది. "మా నాయిన గూడ ఆఖరికే తిన్నడు. మనకీడనే మంచిగున్నది" అంది నాతో. నాకేమో ఆకలి దంచేస్తోంది... మాంసం ముక్కలు కళ్ళ ముందే ఉన్నాయి... పౌరుషం ఇప్పుడే రావాలా అమ్మకు!

ముసలావిడ బోర్లించిన డప్పులను ఒక్కొక్కటే చూసింది. తర్వాత పక్కవాళ్ళను మోచేత్తో పొడిచి, "జరగండి, అన్నం చల్లారిపోతోంది... మరియం, ఇట్లా రా" అంది.

ఇద్దరు ఆడవాళ్ళు విసురుగా లేచి వేరే పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయారు. కోడలి మొహం ఆముదం తాగినట్టయింది. అయినా తిన్నాం... అందరం తిన్నాం! ఉమ్ సాలెం మెత్తటి ముక్కలు ఏరి మరియం ముందు పెడుతూనే ఉంది.

ఆ తర్వాత డప్పులు కాచారు చూడండి... మా అమ్మ కూడా ఒకటందుకుని జగిత్యాల దెబ్బ వేసింది! పచ్చ గౌనులో పెళ్ళికూతురు నడక మానేసి గంతులే...

ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఉమ్ సాలెంను పిలవలేదు. కొన్నాళ్ళు కష్టపడింది కూడా. తర్వాత వేరే ఇళ్ళవాళ్ళు పిలిచారు. "ముందు భోజనం, తర్వాత డప్పు" అని గుమ్మంలోనే చెప్పేదట. నేను పదో తరగతి అయ్యాక మేం ఊరికి వచ్చేస్తుంటే, ఆ రోజు మరియం పట్టుకున్న డప్పునే ఉమ్ సాలెం తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ ఇప్పుడు లేదు. డప్పు మా గోడకుంది. తోలు వదులైపోయింది...

మొన్న మా ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళాను. బఫే, పూల గేటు, డ్రోన్ కెమెరా... ఎంత మారిపోయిందో! డప్పు కొట్టినవాళ్ళు మాత్రం టెంటు వెనక, అందరూ తినడం అయ్యేదాకా చూస్తూ కూర్చున్నారు. నా పళ్ళెం పట్టుకుని అక్కడికే వెళ్ళాను. "అమ్మా, మీరీడెందుకు, గక్కడ గూసోండ్రి" అని కంగారుపడ్డారు. "నాకీడనే మంచిగున్నది" అన్నాను. పెళ్ళికొడుకు తండ్రి చూసి పరుగెత్తుకొచ్చాడు... కాసేపటికి అందరికీ పళ్ళేలొచ్చాయి.

మీ ఇంటి పెళ్ళిలో డప్పు కొట్టినవాళ్ళు ఏ బంతిలో తిన్నారు? గుర్తుంటే చెప్పండి... గుర్తు లేకపోతే, వచ్చే పెళ్ళిలో ఒకసారి టెంటు వెనక్కి వెళ్ళి చూడండి.