సేట్ల బీమారి

ఎండాకాలం మొదలైందంటే మా కార్ఖానా గుమ్మం దగ్గర నీలం డ్రమ్ము పెడతారు. అందులో ఐసు, నీళ్లు, నారింజ గ్లూకోజు పొడి కలుపుతారు. నూనె కంపునూ నూలు దుమ్మునూ దాటుకొని ఆ తియ్యటి వాసన నా ముక్కుకు తగిలిందంటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. లతక్కకు గ్లూకోజు పడదని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకుంటారు. పడక కాదు. ఆ వాసనకు నాకు నర్సయ్య మాస్టర్ గుర్తొస్తాడు. ఆయన పోయి ఏళ్లు గడిచినా ఆయన మీద నా కోపం పోలేదు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ల మీదైతే అసలే పోలేదు.

నర్సయ్యది సిరిసిల్ల వైపు పల్లె. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. సాంచ మొరాయిస్తే దారికి తెచ్చేవాడు, కొత్తవాళ్లకు పని నేర్పేవాడు మాస్టర్. సూరత్‌లోని పాండేసరలో మేం పనిచేసే కార్ఖానాకు ఆయన మాస్టర్. నేను పెళ్లయి సూరత్ వచ్చాక అక్కడే కండెలు చుట్టే పనిలో చేరాను. ఆడవాళ్లు కండెలు చుట్టాలి, మగవాళ్లు సాంచలు నడపాలి. ఈ చట్టం ఎవరు రాశారో తెలియదు కాని అందరూ దాన్ని వేదంలా పాటించేవారు. నేను ఖాళీ దొరికినప్పుడల్లా సాంచల దగ్గరకు వెళ్లి చూస్తుంటే ఒకనాడు ఆయనే పిలిచాడు.

"ఏందే చెల్లె, ఊకె చూస్తున్నవ్? నడుపుతవా?"

నడుపుతానన్నాను. మేనేజరు గుజరాతీలో కేకలు పెట్టాడు. చీర యంత్రంలో చిక్కుకుంటే ఎవరిది జవాబుదారీ అన్నాడు. మాస్టర్ తొణకలేదు. "చీర చిక్కుతదంటే డ్రెస్సు ఏసుకొని వస్తది సాబ్. సాంచకు ఆడ మగ తెల్వది" అన్నాడు. మర్నాడు నేను పంజాబీ డ్రెస్సు వేసుకొని వెళ్లాను. మేముండే వరసగదుల చాలీలో ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. ఆ మూతులు తిప్పినవాళ్లలో ఇద్దరు తర్వాత నా దగ్గరే పని నేర్చుకున్నారు, అది వేరే సంగతి.

ఆయన నన్ను బాగా తిట్టింది ఒక్కసారే. పడుగులో ఒక పోగు తెగింది. ఆపితే నేసిన మీటర్లు తగ్గి కూలి తగ్గుతుందని చూసీ చూడనట్టు నడిపేశాను. ఆయన ఎక్కడో మూలనుంచి వచ్చి సాంచ ఆపేశాడు. గుడ్డ మీద పొడుగునా సన్నటి గీత కనబడింది. "ఏంది గిది? నువ్వు దాస్తే గుడ్డ దాస్తదా? పోగు తెగిందా, సాంచ ఆపు. ఎవడు మొత్తుకున్నా సరే, ముందు ఆపు" అని అందరి ముందూ అరిచాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా నేను తెగిన పోగుతో సాంచ నడపలేదు. అంత గట్టిగా చెప్పిన మనిషి తన ఒంటి విషయంలో ఏం చేశాడో చూడండి.

లాక్‌డౌన్ వచ్చింది. సాంచలు ఆగిపోయాయి. ఏనాడూ నిశ్శబ్దమెరుగని పాండేసరలో పిట్టల అరుపులు వినబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో మాస్టర్ దగ్గు చాలీ అంతా వినబడింది. ఆయన ఇతర పనివాళ్లతో కలిసి ఒకే గదిలో ఉండేవాడు. కరోనా అనుకొని వాళ్లు ఆయన పరుపును నడవాలోకి విసిరేశారు. పరీక్షలో కరోనా కాదని తేలింది, టీబీ అని తేలింది. అయినా పరుపు లోపలికి పోలేదు. ఆయన చేతి తిండి తిని, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే వాళ్లంతా. మా ఆయనా నేనూ డాబా మీది రేకుల షెడ్డు శుభ్రం చేసి, గాలి ఆడేలా తలుపు తీసిపెట్టి, అందులో మంచం వేశాం.

టీబీ మందులిచ్చే చోట దూరంగా నిలబెట్టి, మాస్కు వెనకనుంచి అడిగారు, షుగర్ ఉందా అని. "నై సాబ్" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. వాళ్లు మళ్లీ అడగలేదు. రక్తం చూడాల్సిన చేతులన్నీ ఆ రోజుల్లో ముక్కుల్లో పుల్లలు పెట్టే పనిలో ఉన్నాయి. బాగా తినమని చెప్పి మాత్రలిచ్చి పంపేశారు.

బాగా తినమన్న ఆ మాటను మా చాలీ నెత్తిన పెట్టుకుంది. గదిలోంచి గెంటినవాళ్లకు కూడా జాలి పుట్టుకొచ్చింది. టీబీకి తిండే మందని ఒకరు అరటిపళ్లు తెచ్చి మెట్ల మీద పెట్టేవారు, ఒకరు బెల్లం అన్నం, ఒకరు నారింజ గ్లూకోజు డబ్బా. మనిషిని ముట్టుకోరు కాని డబ్బాలు మాత్రం వచ్చేవి. ఆయన రోజూ చెంబెడు గ్లూకోజు నీళ్లు తాగేవాడు. మాత్ర ఒక్కటి తప్పలేదు. అయినా మనిషి కొవ్వొత్తిలా కరిగిపోతున్నాడు. కుండలు కుండలు నీళ్లు తాగుతాడు, పదేపదే ఒంటేలుకు కిందికి దిగుతాడు. కడుపునిండా తిని, మందులు వేళకు మింగే మనిషికి ఇదేమిటని నాకు అంతుపట్టలేదు. కఫం పరీక్ష మళ్లీ చేస్తే టీబీ క్రిములు ఇంకా అలాగే ఉన్నాయి.

ఈసారి చూసిన డాక్టరమ్మ వేలు గుచ్చి రక్తం చూసింది. చూసి నావైపు తిరిగి హిందీలో కడిగిపారేసింది. ఒంట్లో చక్కెర అంత పేరుకుపోతే టీబీతో పోరాడే బలం మనిషికి ఎక్కడిది? టీబీ ఉంటే షుగర్ పెరుగుతుంది, షుగర్ అదుపులో లేకపోతే టీబీ వదలదు. రెండూ ఒకదాన్నొకటి మేపుకుంటున్నాయి. టీబీ మందు వాడేటప్పుడు కొన్ని షుగర్ మాత్రలు సరిగా పనిచేయవు కాబట్టి ఇన్సులిన్ సూది తప్పదు. ఇంతకుముందు ఎప్పుడైనా చూపించుకున్నాడా అని అడిగింది. ఆయన నేల చూశాడు.

"తెల్సు" అన్నాడు. ఎప్పుడో సూరత్‌లోని మా తెలుగువాళ్లు పెట్టిన ఉచిత పరీక్షల్లో చెప్పారట. అప్పుడు అందరి ముందూ నవ్వేశాడట: "మనకెక్కడి షుగర్? మనమేమన్న సేట్లమా? అది సేట్ల బీమారి." రింగ్ రోడ్ గుడ్డల దుకాణాల్లో బొజ్జలేసుకొని గద్దెల మీద కూర్చునేవాళ్లకు రావాలి గాని, రోజంతా నిలబడి పనిచేసే బక్కమనిషికి షుగర్ ఏమిటని.

షెడ్డుకు వచ్చాక నేను ఆగలేదు. పెద్దవాడని కూడా చూడలేదు.

"తెల్సి గ్లూకోజు తాగినవా అన్నా? నీకేమన్న బుద్ధి ఉన్నదా? మాకు పోగు తెగితే ఆపుమంటివి. నువ్వేం జేసినవ్?"

చాలాసేపు దగ్గి, తర్వాత మెల్లగా అన్నాడు. "ఒక్క బీమారికే పరుపు బయట పారేసిన్రు చెల్లె. రెండోది గూడ ఉన్నదంటే టికెట్ తీసి ఊరికి తోలుతరు. పని చాతగానోడని పేరు పెట్టుకొని ఊరికి ఏ మొకంతోని పోవాలె? వాళ్లు తెచ్చింది వద్దంటే ఎందుకని అడుగుతరు. అందుకే తాగిన."

అది విన్నా నా కోపం తగ్గలేదు, ఇంకా నలుగురి మీదికి పాకింది.

ఆ రోజే డబ్బాలన్నీ తీసుకెళ్లి ఎవరి గుమ్మంలో వాళ్లకు పెట్టేశాను. ఆయనకు షుగర్ ఉందని చాలీ అంతా వినబడేలా చెప్పాను. జొన్నరొట్టెలు, గుడ్లు, పప్పు నేనే చేసి పెట్టాను. ఫ్రిజ్ లేదు కాబట్టి సూదిమందు సీసాను తడి ఇసుక పోసిన మట్టికుండలో చల్లగా ఉంచాం. సూది పొడుచుకోవడం ఆయనే నేర్చుకున్నాడు, సాంచ బిగించినంత శ్రద్ధగా. చక్కెర దిగింది. మెల్లమెల్లగా క్రిములూ పోయాయి. కాని అప్పటికే టీబీ ఒక ఊపిరితిత్తిని తినేసింది. సాంచలు మళ్లీ మొదలైనప్పుడు కార్ఖానాకు వచ్చాడు. నూలు దుమ్ములో నిలబడలేక గోడ పట్టుకున్నాడు. మేనేజరు మెత్తగా, ఊరికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నాడు. ఏ మాటకు భయపడి అంతా దాచాడో ఆ మాటే విన్నాడు. రైలెక్కించడానికి వెళితే, "సాంచ పైలం చెల్లె" అన్నాడు. రెండోసారి కరోనా విరుచుకుపడ్డప్పుడు, ఉన్న ఆ కాస్త ఊపిరీ చాలక ఊళ్లోనే పోయాడు.

ఇప్పుడు మా కార్ఖానాలో మాస్టర్‌ని నేను. నిన్న డ్రమ్ము దగ్గర ఒక ఒడియా పనివాడు గ్లాసు మీద గ్లాసు తాగుతున్నాడు. సన్నటి మనిషి. తాగి, గోడవైపు తిరిగి దగ్గాడు. కొన్ని వారాలుగా ఆ దగ్గు నేను వింటూనే ఉన్నాను, చూపించుకోమని చెబుతూనే ఉన్నాను. షుగర్ పరీక్ష కూడా చేయించుకున్నావా అని హిందీలో అడిగాను.

అతను పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "ముఝే షుగర్? మై క్యా సేఠ్ హూఁ, దీదీ?"

నేను గ్లాసు లాక్కొని నీళ్లు పారబోశాను. వెళ్లి అతని సాంచ ఆపేశాను. మేనేజరు గాజు గదిలోంచి లేచి వచ్చి అరుస్తున్నాడు, సాంచ ఎందుకు ఆగిందని.

"పోగు తెగింది" అన్నాను. ఆ పనివాడి చెయ్యి పట్టుకొని దవాఖానాకు నడిచాను.