మక్ ఇనాంగ్ వెనక నేను కట్టిన దర్బారు

1923లో నేను రంగూన్‌లో, పబేడాన్‌లోని ఒక నాటకాల హాల్లో సీన్ పెయింటర్‌ని. ఆడేవాళ్ల వెనక వేలాడే పెద్ద గుడ్డను మేం డ్రాప్ అంటాం. దాన్ని నేల మీద పరిచి, సరేసు జిగురు కాచి రంగుపొడిలో కలిపి, గుడ్డ మీదే నడుస్తూ చీపురంత కుంచెతో వేస్తాం. నా చేతిమీదుగా ఎన్ని డ్రాప్‌లు పోయాయో లెక్కలేదు. ఒక్కదాని గురించి మాత్రం అబద్ధం చెప్పాను.

ఆ ఏడు పెనాంగ్ స్టీమర్‌లో ఒక మలయా బృందం దిగింది. నలుగురు ఆడవాళ్లు, ఒక ఫిడేలు, రెండు డప్పులు. పెద్దావిడ పేరు సితి. వాళ్లు ఆడేది మక్ ఇనాంగ్. ఇనాంగ్ అంటే దాది. ఒకప్పుడు సుల్తాను కోటలో దాదులు రాజకుమార్తెల కోసం ఆడిన ఆట, ఇప్పుడు ఊళ్లో పెళ్లిళ్ల ఆట అయింది. మా హాలు యజమాని నాయుడుగారి చెవికి కోట వరకే ఎక్కింది. శనివారం ఆట నచ్చితే నెలంతా ఆడిస్తానన్నారు.

సితి వచ్చీరాని హిందుస్తానీలో నాకు రెండుసార్లు చెప్పింది. "కోట వద్దు. పెళ్లివారి ఇల్లు వెయ్యి. చెక్క ఇల్లు, మెట్లు, ముందు వాకిలి. చూసేవాళ్లు లేచొచ్చి మాతో ఆడాలి. కోటలోకి ఎవరొస్తారు?"

నాయుడుగారితో అన్నాను.

"ఇల్లు చూడ్డానికి జనం టిక్కెట్టు కొంటారేటి? మన దుర్యోధనుడి దర్బారుంది కదా, దానికే నాలుగు కొబ్బరిచెట్లు తగిలించు."

"దర్బారులో కొబ్బరిచెట్లేటండీ?"

"సుల్తాను ఇష్టం. మధ్యన నీకేటి?"

నాకు ఒళ్లు మండింది. కానీ కొత్త డ్రాప్ అంటే వారం పని, పాతది దులపడం రెండు పూటల పని. నాయుడుగారిని తిట్టుకుంటూనే ఆయన చెప్పింది చేశాను. సితికి మాత్రం ఇల్లే వేస్తున్నానని చెప్పి, డ్రాప్‌ను చుట్టే ఉంచాను.

శనివారం సాయంత్రం ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపు నుంచి మనవాళ్లు దండిగా వచ్చారు. ముందు తెర లేచింది. బంగారు స్తంభాల మధ్య ఖాళీ సింహాసనం, దాని ముందు నూలు బట్టల్లో నలుగురు ఆడవాళ్లు. సితి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత పక్కన నిలబడ్డ నన్ను చూసింది. అయినా ఆట మొదలుపెట్టింది. కొంతసేపటికి భుజం మీది వస్త్రాన్ని ముందు వరసకు చాపి, రమ్మంది.

ఒక్కరూ లేవలేదు.

"ఒరే, రారాజు ఎప్పుడొస్తాడ్రా?" అన్నాడొకడు.

"మీసాలు అంటించుకుంటన్నాడు, ఉండు."

హాలంతా నవ్వు. సితి ఇంకా చెయ్యి చాపే ఉంది. ఫిడేలు తనంతట తనే ఆగిపోయింది.

టిక్కెట్టు డబ్బులు తిరిగిమ్మని జనం ఆఫీసు గది మీద పడ్డారు. నాయుడుగారు సితిని చూపించి, "కోటలో ఆట అని చెప్పిందీ, కోట కావాలన్నదీ ఈవిడే," అన్నారు. నా వైపు తిరిగారు. "ఏటయ్యా, అంతేకదా?"

"అంతేనండి," అని తలూపాను.

ఆవిడకు తెలుగు రాదు. నేను తలూపడమే చాలింది. "ఇల్లు వేస్తున్నానన్నావు," అని హిందుస్తానీలో ఒక్క మాట అని బయటికి వెళ్లిపోయింది. ఆ వారమే బృందమంతా తిరుగు స్టీమర్ ఎక్కారు. కోట పేరు చెప్పి మోసం చేసిన మలయా మనిషి అన్న మాట మన వీధుల్లో ఇప్పటికీ ఉంది. అది తప్పు. ఆవిడ ఎవరినీ మోసం చెయ్యలేదు. చేసింది మేమిద్దరం.

ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఆ ఇల్లు వేయబోయాను. మెట్లు ఎటువైపు ఉంటాయో తెలియక ఆగిపోయాను. రెండుసార్లు చెప్పిన మనిషిని నేను ఒక్కసారీ తిరిగి అడగలేదు. ఇప్పుడు ఏ డ్రాప్ అయినా, దాని ముందు నిలబడేవాళ్లకు విప్పి చూపించాకే పైకి కడతాను. మార్చమంటే సణుగుతాను. మారుస్తాను.