మునిగిన ఊరి మీద ఎర పట్టిన రోజు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు, ఉగాది దాటి వారమైంది. అప్పటికి ఆరేళ్లుగా నేను మా కడప జిల్లాలో పెన్నా మీద కట్టిన ఒక జలాశయంలో కయాక్ గైడుగా పనిచేస్తున్నాను. కయాక్ అంటే ఒక్కరే కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డును అటూ ఇటూ వేసుకుంటూ పోయే సన్నటి ప్లాస్టిక్ పడవ. మా నాయన ఇదే ఏట్లో గుండ్రటి బుట్టపడవ మీద తిరిగి, వల వేసి మమ్మల్ని పెంచాడు. జలాశయం నిండాక నేను పర్యాటకుల పనిలోకి మారాను. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఫోటోలు దిగితే చాలు. చేపల కోసం వచ్చేవాళ్లు ఏ కొందరో. వాళ్లలో ఇలియాస్ సార్‌ను నేను మరిచిపోలేను.

సార్‌కు కడపలో బట్టల దుకాణం. యాభై దాటిన మనిషి. నెలకోసారి నెల్లూరు వైపు సముద్రానికి పోయి కయాక్ మీద చేపలు పడతాడు. ఆ రోజు సొంత పడవను కారు మీద కట్టుకుని వాలుగ కోసం మా దగ్గరికి వచ్చాడు. వాలుగ పెద్ద నోరున్న చేప. చచ్చిన ఎర కన్నా కదిలే ఎర మీదికి తొందరగా వస్తుంది. అందుకని ముందు చిన్న చేపల్ని ప్రాణంతో పట్టి బకెట్లో ఉంచుకోవాలి. దీన్ని లైవ్ బెయిట్ అంటారు. మేమైతే ఒడ్డున మోకాటిలోతు నీళ్లలో చిన్న వల విసిరి పరిగెలు పడతాం. సార్ తన సంచిలోంచి సబికి రిగ్ తీశాడు. ఒకే దారానికి జానెడు ఎడంతో ఆరు చిన్న గాలాలు, ఒక్కోదానికి మెరిసే పీచు, చివర సీసపు గుండు. సముద్రంలో దీన్ని దింపి ఆడిస్తే ఒక్క లాగుడుకు నాలుగైదు చేపలు వస్తాయట.

"ఒడ్డున నేను వల వేసి పట్టి ఇస్తా సార్" అన్నాను.

"వద్దులే ఓబులేసూ. ఎర పట్టేదాంట్లోనే సగం మజా ఉండాది. సముద్రంలో అలల మీద పట్టినోణ్ణి, ఈడ పట్టలేనా?"

సముద్రం సంగతి నాకు తెలియదు. మా నీళ్ల అడుగున మాత్రం ఒక ఊరు ఉంది. గోడలు, చింతచెట్లు, వాటికి చిక్కి తెగిపోయిన పాత వలలు ఉన్నాయి. ఆరు గాలాలను అక్కడికి దింపకూడదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన పెద్దమనిషి, నాకన్నా ఎక్కువ నీళ్లు చూసినవాడు. ఆయనకు నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను.

చెరో పడవలో ఆ ఊరి మీదికి పోయాం. మొదటి రెండుసార్లు బాగానే పడ్డాయి. ఆయన కాళ్ల మధ్య బకెట్లో గాలిపంపు బుడగలు వదులుతుంటే ఏడు పరిగెలు తిరుగుతున్నాయి. "చూస్తివా!" అని సార్ మురిసిపోయాడు. మూడోసారి గుండు అడుగున చిక్కుకుంది. పడమటి కొండ మీద ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరగడం అప్పుడే నా కంటబడింది. ఎండాకాలంలో మా వైపు గాలి అలాగే చెప్పాపెట్టకుండా లేస్తుంది.

"దారం కోసేయండి సార్. గాలి వస్తాండాది, ఒడ్డుకు పోదాం."

"ఒక్క నిమిషమప్పా, వదిలిపోతాది" అంటూ ఆయన దారాన్ని చేత్తో పట్టి లాగాడు.

అంతలోనే గాలి కొట్టింది. నా పడవ నలభై గజాలు వెనక్కి పోయింది. ఆయన పడవ కూడా జరిగింది, అడుగున చిక్కిన దారం మాత్రం జరగలేదు. పై గాలం ఆయన బొటనవేలి మొదట్లో కండలోకి దిగింది. కేక విన్నాను. కింద చెట్టుకూ పైన చేతికీ మధ్య ఆ మందపాటి దారం తీగలా బిగిసింది. పడవ గాలికి అడ్డం తిరిగి, ఒక్క అలకు బోర్లాపడింది.

లైఫ్ జాకెట్ ఆయన్ను పైకి తేలుస్తోంది, దారం చేతిని కిందికి లాగుతోంది. అల వచ్చినప్పుడల్లా మొహం మునుగుతోంది. ఆయన కత్తి బోర్లాపడిన పడవలో ఉండిపోయింది. నా కత్తి నా నడుముకే ఉంది.

బలంకొద్దీ తెడ్డు వేసి పది అడుగుల దూరానికి వచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఆయన చుట్టూ నీళ్లలో నల్లగా ఏదో పైకి లేస్తోంది. పాత వల. దారం లాగుడుకు చెట్టు నుంచి ఊడి వచ్చింది. పడవలోంచే కోద్దామంటే గాలి నిలబడనివ్వడం లేదు. నీళ్లలోకి దిగాల్సిందే. వలలో కాలు చిక్కితే కొట్టుకునే కొద్దీ చుట్టుకుంటుందని నాయన చిన్నప్పుడే చెప్పాడు. ఆ క్షణాన భార్యాబిడ్డలు గుర్తొచ్చారంటే అబద్ధం. వెనక్కి తిరిగి పోవాలనిపించింది, అంతే.

"ఓబులేసూ! రాప్పా!" నీళ్లు మింగుతూ సార్ అరిచాడు. "యాడ చూస్తాండావు?"

ఆ గొంతుకు నాలో కదలిక వచ్చింది.

"చెయ్యి లాగాకండి సార్! కాళ్లు ఆడించాకండి, కింద వల ఉండాది! ఎల్లకిలా పండుకోండి!"

పడవ తాడును నా జాకెట్ కొక్కేనికి తగిలించి, కాళ్లు పైకి ముడుచుకుని, బోర్లా నీళ్ల మీదికి జారాను. రెండు బారలు పోయానో లేదో కుడికాలి చెప్పును వల పట్టింది. కదలకుండా ఉండిపోయాను. మెల్లగా, శానా మెల్లగా, పాదాన్ని చెప్పులోంచి లాక్కున్నాను. చెప్పు వలతోనే పోయింది. ఆయన మోచెయ్యి అందింది. దారం మీద కత్తి పెట్టగానే టప్పుమని తెగింది.

ఆయన నా మెడ కరచుకున్నాడు. "మెడ వదలండి సార్, తాడు పట్టుకోండి!" నా పడవను పట్టుకుని ఇద్దరం వేలాడాం. ఆ గాలే మమ్మల్ని తూర్పు ఒడ్డు కంకరరాళ్ల మీదికి నెట్టింది.

రాళ్ల మీదే కూలబడ్డాం. ఆయన చేతిలో గాలం అలాగే ఉంది, నెత్తురు మోచేతిదాకా కారుతోంది. చివరికి నా వైపు తిరిగాడు.

"కింద వల ఉండాదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"మరి చెప్పకపోతివే!"

ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో గాలం తీయించేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను.

పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడమే మర్యాద అని పెరిగినవాణ్ణి. నీళ్ల దగ్గర ఆ మర్యాద మనిషిని చంపుతుందని ఆ రోజు తెలిసింది. నీళ్లలో దిగడానికి భయపడ్డందుకు నాకు సిగ్గు లేదు, ఆ భయం న్యాయమైనదే. ఒడ్డున, పొడి బట్టలతో నిలబడి, ఒక్క మాట చెప్పడానికి భయపడ్డాను చూడండి, దానికి సిగ్గుపడతాను. ఇప్పుడు ఎవరొచ్చినా, ఎంత అనుభవం ఉందన్నా, తెడ్డు చేతికిచ్చే ముందు పుల్లతో నేల మీద గీసి చూపిస్తాను. ఇక్కడ గోడలు, ఇక్కడ చింతచెట్లు, ఇక్కడ వలలు. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ, గీయడం పూర్తయ్యేదాకా పడవ ఇవ్వను.